ఎలీశమ్మ పట్టిన క్లచ్చు

పేరు యోబు, బైబిల్లో ఓపికకు పేరుపడ్డ భక్తుడిది. ఆ పేరు పెట్టిన పాస్టరుగారు దానితోపాటు కాస్త ఓపిక కూడా ఇచ్చి ఉంటే ఎలీశమ్మ కాపురం సుఖంగా సాగేది. దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు పక్కన రేకుల షెడ్డులో బళ్ళు బాగుచేసే యోబుకు రెండింటి మీదే నమ్మకం: ఒకటి పైనున్న ప్రభువు, రెండోది తన చెయ్యి. అరవైతొమ్మిదిలో ఆ రెండోది పోయింది.

ప్రత్యేక తెలంగాణ గొడవల్లో తలదూర్చే మనిషి కాడు. ఏదో సామాను కోసం మలక్‌పేటకు వెళ్ళాడు. జనం ఉరికితే తనూ ఉరికాడు. ఆ ఉరుకులాటలో ఏ పోలీసు లాఠీయో వచ్చి ఎడమ మణికట్టు మీద పడింది. కట్టు కట్టారు, ఎముక అతుక్కుంటుందన్నారు గాని వేళ్ళలో పట్టు రాలేదు. అన్నం కలుపుకోవడానికి కుడిచెయ్యి ఉంది కదా అని ఇరుగుపొరుగు ఓదార్చారు. ఓదార్చేవాళ్ళదేం పోయింది!

అసలు బాధ ఇంట్లో ఉంది. పొయ్యికీ మంచానికీ నడుమ ఒక పాత మిలిటరీ మోటారు సైకిలు. తుక్కులో దొరికిన ఇనుప గూడును ఇంటికి తెచ్చి, ఏళ్ళ తరబడి ఒక్కో ముక్కా వెతికి బండిని చేశాడు. ఎలీశమ్మ దుమ్ము తుడవబోయినా సరే, "చెయ్యి వెట్టకు" అని కసిరేవాడు. ఆ ఇంట్లో ప్రార్థన కన్నా ఆ మాటే ఎక్కువగా వినిపించేది.

బండి తయారైంది గాని క్లచ్చు దగ్గర కథ అడ్డం తిరిగింది. లోపలి ప్లేట్లు అరిగి జారుతుంటే, మంచి ప్లేట్లు దొరక్క, ఇంకేదో పెద్ద బండి స్ప్రింగులు తెచ్చి బిగించాడు. "ఇగ సచ్చినా జారది" అని మురిసిపోయాడు. జారలేదు, నిజమే. ఎడమ చేతి కింద ఉండే దాని పిడి నొక్కాలంటే మాత్రం పహిల్వాన్ కావాలి. చెయ్యి బాగున్నప్పుడు పళ్ళు బిగబట్టి నొక్కేవాడు. ఇప్పుడు పిడి మీద వేళ్ళు ఊరికే ఆనుకుంటున్నాయి. తను బిగించిన స్ప్రింగే తనను ఇంట్లో కట్టేసింది.

ఆ బందుల రోజుల్లోనే ఎలీశమ్మ తమ్ముడి వరస కొమరయ్య చౌటుప్పల్ అవతలి ఊరి నుంచి సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. "అక్కా, మీ అవ్వ గంజి గూడ మింగుతలేదు. నిన్నే యాది జేస్తుంది" అని చెప్పి, నీళ్ళు తాగి, మిగతా చుట్టాలకు చెప్పడానికి వెళ్ళిపోయాడు. బస్సులు లేవు, లారీలు లేవు. తల్లిని చూడ్డానికి ఎలీశమ్మ మూట కట్టుకుంది.

"నడుసుకుంట పోతవా? రోడ్డంత రాళ్ళ వాన" అన్నాడు యోబు.

"రేపు పొద్దుగాల దాన్క సూస్త. అయితే నీ బండి మీద, లేకుంటే నా కాళ్ళ మీద."

యోబు పక్కవాటా తలుపు తట్టాడు. అందులో కిరాయికి ఉండే బాపిరాజు భీమవరం వైపు మనిషి, ఇక్కడ ఆఫీసులో గుమాస్తా, మోటారు సైకిలు నడపడం తెలిసినవాడు. తలుపు బెత్తెడు తెరుచుకుంది.

"నడపటానికేముందండీ, నడుపుతాను. దారిలో ఎవరన్నా ఆపితే? నేను నోరు తెరిస్తే చాలు, ఎక్కడివాణ్ణో తెలిసిపోద్ది. వారం నుంచి కూరగాయలకి కూడా బయటికెళ్ళలేదండి."

పాపం, ఆయనా ఖైదీయే. ఆయన భార్య కుసుమకుమారి మాత్రం, యోబు అడిగిన మందుసీసాల బెండు బిరడాలను గిన్నెడు పోగుచేసి ఇచ్చింది.

ఆ పాత క్లచ్చు ప్లేట్లలో గుండ్రటి బెజ్జాలుంటాయి, వాటిలో బెండు బిళ్ళలుంటాయి. బిళ్ళలు కొత్తవైతే పట్టు దొరుకుతుంది, అప్పుడు మొరటు స్ప్రింగులతో పనిలేదు. ఒంటిచేత్తో ఆ పని కాదు. యోబు కాసేపు పళ్ళతో, మోకాళ్ళతో తంటాలుపడి, చివరికి తల ఎత్తకుండానే, "జర చెయ్యి వెట్టు" అన్నాడు. ఎలీశమ్మ కత్తిపీట ముందేసుకుని బిరడాలు కోసింది, పొయ్యి మీద ఉడికించింది, బెజ్జాల్లో కూరింది. యోబు ఆకురాయితో వాటిని చదును చేశాడు. బండికి మొదట ఉన్న మెత్తటి స్ప్రింగులు మళ్ళీ ఎక్కాయి.

బండిని వాకిట్లోకి దించి చూస్తే పిడి తేలికైంది. అయినా యోబు చేతికి అదీ బరువే. స్ప్రింగుల నట్లు ఇంకాస్త వదులు చేస్తే పిడి వంగుతోంది గాని, ఇద్దరు ఎక్కేసరికి ఇంజను అరుస్తోంది, బండి కదలడం లేదు. బిగిస్తే బండి కదులుతోంది, పిడి వంగడం లేదు. వదులు, బిగువు, మళ్ళీ వదులు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. యోబు పానా విసిరికొట్టి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అత్త చచ్చిపోతుంది, తన బండి మాత్రం నడిఇంట్లో మెరుస్తూ నిలబడి ఉంటుంది. అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది.

ఎలీశమ్మ పిడి మీద చెయ్యి వేసి నొక్కింది. అది మెత్తగా వంగింది. పుట్టిన్నాటి నుంచి చేదబావి తాడు లాగిన చెయ్యి అది, రోకలి పట్టిన చెయ్యి.

"నేను పట్టుకుంట. నువ్వు నడుపు."

"క్లచ్చంటే చేదతాడు గాదే!"

"కాకుంటే నేర్పు."

నేర్పక తప్పలేదు. నాట్లప్పటిలా గోచి బిగించి, అతని వెనక అటొక కాలు ఇటొక కాలు వేసి కూర్చుని, అతని ఎడమ చంక కింది నుంచి చెయ్యి చాచి పిడి అందుకుంది. "పట్టు" అంటే పట్టాలి, "ఇడువు" అంటే మెల్లగా విడవాలి. బండి మేకపోతులా ఎగిరి ఆగిపోయింది. మళ్ళీ ఎగిరింది. బాపిరాజు కిటికీ సందులోంచి చూస్తున్నాడని తెలిసినా ఎలీశమ్మ సిగ్గుపడలేదు. తెల్లారేసరికి ఇద్దరికీ లెక్క కుదిరింది.

ఇప్పుడు ఎల్బీనగర్ అంటున్న చోట రోడ్డుకు అడ్డంగా కొమ్మలు, రాళ్ళు, పదిమంది పడుచువాళ్ళు.

"పట్టు" అన్నాడు యోబు. ఎలీశమ్మ పట్టింది.

"యాడికి?" అని అడ్డమొచ్చాడొకడు.

"మా అత్తకు పాణం మీదికొచ్చిందయ్యా. చౌటుప్పల్ దాటి పోవాలె."

నిలబడ్డాక ఆ పాత బండి గేరులోంచి బయటికి రాదు, క్లచ్చు పట్టుకునే ఉండాలి. ఆమె విడిచిందంటే బండి వాళ్ళ మీదికే దూకుతుంది. వాళ్ళకు అది తెలియదు. బండి యాడిదని ఒకడు, ఊరేదని ఒకడు తీరిగ్గా అడుగుతున్నారు. ఎలీశమ్మ వేళ్ళు తెల్లబడ్డాయి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె మోచెయ్యి యోబు పక్కటెముకలను గట్టిగా అదుముతోంది.

"గా చెయ్యికేమైంది?" అన్నాడొకడు కట్టు చూసి.

"లాఠీ తలిగింది."

వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒక్కో కొమ్మా పక్కకు లాగారు. ఎంత నెమ్మదిగా లాగారని! దారి తెరుచుకున్నాక, "ఇడువు" అన్నాడు యోబు. ఆమె వేళ్ళు ఒక్కొక్కటే విడిపోయాయి.

ఊరు చేరేసరికి ఎలీశమ్మ తల్లి రాములమ్మ కళ్ళు తెరిచే ఉంది. గడపలోకి వచ్చిన బిడ్డను గుర్తుపట్టింది. ఎలీశమ్మ గ్లాసుతో నీళ్ళు పట్టబోతే వేళ్ళు ముడుచుకోక గ్లాసు జారింది. ముసలామె ఆ చెయ్యి తిప్పి చూసింది. అరచెయ్యంతా వాచి, బొబ్బలు పగిలి ఉంది.

"ఏం జేసినవ్ అల్లుడా నా బిడ్డ చెయ్యి?"

ఇన్నేళ్ళూ ఎవరేమన్నా ఎదురు మాట్లాడే యోబు మంచం పక్కన కూలబడ్డాడు.

"అది ఆమె చెయ్యి గాదత్తా" అన్నాడు. "నా చెయ్యి."

రాములమ్మకు అర్థమైందో లేదో. ఆ అరచేతిని నోటి దగ్గరికి తీసుకుని, చిన్నప్పుడు చేసినట్టే, ఉన్న కాస్త ఊపిరితో ఊదింది.