గ్రూపులో మా అత్త గొంతు

మా అత్త బొమ్మక్క నోట్లో నువ్వుగింజ నానదని ఊరంతా అంటారు. నేనూ అంటాను, కోడలిగా నాకా హక్కుంది. అలాంటి మనిషి, చెల్లెలి కూతురు మహేశ్వరి ఎక్కడుందో మాత్రం నెలల తరబడి ఎవరికీ చెప్పలేదు.

తల్లి పోయాక అత్తే పెంచిన పిల్ల. సాత్తూరులో ఆఫీసు పనికి వెళ్తూ, వేరే మతంవాడైన తోటి ఉద్యోగి అంతోణిని రిజిస్టరు పెళ్ళి చేసుకుంది. కనబడిన చోట నరుకుతానన్నాడు మా వీధి చివర ఉండే ఆమె అన్న తంగరాజ్. అన్నంత పనీ చేసే రకం. ఆ ఇద్దరూ విరుదునగర్‌లో ఒక నూనె మిల్లు వెనక అద్దెకుంటున్నారని అత్తకూ నాకూ మాత్రమే తెలుసు.

మా బంధువులకు ఒక వాట్సాప్ గ్రూపుంది. నేను చిత్తూరు వైపు నుంచి వచ్చిన కోడల్ని కాబట్టి తెలుగు రాస్తాను. తమిళనాడులో ఈ కోవిల్‌పట్టి చుట్టుపక్కల మావాళ్ళు ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా ఎవరికీ రాయడం రాదు. బడిలో నేర్చింది తమిళం. అయినవాళ్ళతో తమిళంలో మాట్లాడితే ముక్కూమొహం తెలియనివాళ్ళతో మాట్లాడినట్టుంటుందట. అందుకని ఆ గ్రూపులో అక్షరాలుండవు, అన్నీ గొంతులే. చావుకబురైనా మిరప ధరైనా నొక్కి పట్టి చెప్పడమే.

పెళ్ళయిన రోజే మహేశ్వరిని గ్రూపులోంచి తీసేశారు. పైన ఉన్న ఫోటో మార్చాలని మాత్రం ఎవరికీ తట్టలేదు. ఎవరిదో గృహప్రవేశం ఫోటో అది. ముందు వరుసలో నవ్వుతున్నది మహేశ్వరే. అత్తకు చదువు రాదు, మొహాలు చూసి నొక్కుతుంది.

ఆ ఉదయం వాకిట్లో మిరపకాయలు ఎండబోస్తూ ఆ మొహమే నొక్కింది. వంటింట్లో నా ఫోను మోగితే తెరిచాను. అత్త గొంతు.

"పాపా, ఆ నూనె మిల్లు ఎనక ఇంట్లోనే ఉండండి. శుక్రవారం విరుదునగర్ బస్సెక్కి వస్తా. మురుకు సేసి పెట్టుండా."

బయటికి పరుగెత్తి ఆమె ఫోను లాక్కుని చెరిపేశాను. చెరిపేముందే విన్నవాళ్ళ పేర్లు చూశాను. తంగరాజ్ పేరుంది.

"ఏమైందే ఉషా?" అంది అత్త. చెప్పాను. మిరపకాయల మీదే కూలబడింది.

వెనకటి రోజుల్లో ఒక మాట ఊరు దాటాలంటే మనిషి నడవాలి. నడిచేలోపు కోపం కొంత చల్లారేది, మధ్యలో బుద్ధి చెప్పేవాడొకడు తగిలేవాడు. ఇప్పుడు కోపానికి నడక లేదు. అత్త ఇంకా లేవనేలేదు, వీధి చివర తంగరాజ్ కారు స్టార్టయింది.

మహేశ్వరికి ఫోను చేశాం. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాం. అంతోణి నెంబరు మా దగ్గర లేదు. పోలీసులకు చెబుదామా అన్నాను.

"వాండ్లు వచ్చే లోపల వీడు పోయి సేర్తాడే," అంది అత్త. నాకూ భయమేసింది, ఆ కారు ఏ ఊరు దాటిందో అని. సాత్తూరు దాటితే విరుదునగర్ ఎంతసేపు!

ఎట్టకేలకు అటునుంచే ఫోను వచ్చింది. "కొళాయి కాడ ఉంటిని పెద్దమ్మా."

"తంగరాజ్ వస్తాండాడు. ఇల్లు ఇడిసి పో. ఇప్పుడే పో."

అటు ఏడుపు. తర్వాత, "అంతోణి సిన్నమ్మ ఒకామె ఉండాది పెద్దమ్మా. ఆమె ఊరు..."

"సెప్పొద్దు," అంది అత్త. "నాకి సెప్పొద్దు తల్లీ. ఈ నెంబరు పారెయ్. ఇంక నాకి ఫోను సెయ్యొద్దు."

తనే కట్ చేసింది.

సాయంత్రం తంగరాజ్ మా ఇంటికొచ్చాడు. తాళం చూసి తిరిగొచ్చాడని మొహమే చెబుతోంది. అరుగు మీద కూర్చుని, "యాడుండాది పెద్దమ్మా?" అన్నాడు మెల్లగా. అరిచినా అంత భయపడేదాన్ని కాదు.

"నాకి తెల్దు," అంది అత్త.

ఇన్నాళ్ళూ ఆ మాటను తొణక్కుండా బెణక్కుండా అబద్ధంగా చెప్పిన మనిషి. ఈసారి నిజమే చెప్పింది, చెబుతూనే భోరుమంది.