గాజుల కొట్టు బోణీ అయ్యేదాకా

అప్ప పోయింది. సిద్ధగోరా కొత్త బజారులో చివరి కొట్టు అప్ప. సోమవారం తెల్లవారి ఫ్యాక్టరీలో ఏ-షిఫ్టుకి బయల్దేరబోతూ సైకిలుకి గాలి కొట్టుకుంటున్నాను. ఆమె కోడలు వచ్చి గుమ్మం దగ్గర నిలబడి, "అత్త లెగనేదు మావయ్యా" అంది. నేను పంపు గోడకి ఆనించి, లోపలికి వెళ్లి డ్యూటీ చొక్కా విప్పేశాను.

మా శ్రీకాకుళం వైపు అక్కని అప్ప అంటాం. ఆమె నాకు చుట్టరికంలో ఏమీ కాదు. పక్క వరసలో ఇల్లు, అంతే. బస్తీలో చిన్నా పెద్దా అందరికీ అప్పే. ఆమె గురించి నాలుగు మాటలు రాయమని మన సంఘం వాళ్లు అడిగారు. అడక్కపోయినా రాయాల్సిన బాధ్యత నాది. ఎందుకో చెబుతాను.

ఆమె భర్త కాంట్రాక్టు పనివాడు. ఆయన పోయినరోజున సామాను తేవడానికి జుగ్సలాయి బజారుకి వెళ్లింది నేనే. వెదురు, కొత్త గుడ్డ, కుండ, పేలాలు, పసుపు, అన్నీ అప్పట్లో అక్కణ్ణించే రావాలి. రిక్షాలో కుండని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. దారిలో గుంతలో చక్రం పడింది, కుండ పగిలింది. మళ్లీ వెనక్కి వెళ్లాను. అక్కడ శవం ఎండలో ఉంది, ఇక్కడ నేను కుండల అంగడి ముందు నిలబడి ఉన్నాను. నేను తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం మూడైంది. అప్ప నన్ను ఒక్క మాట అనలేదు. నా చేతిలో కుండ తీసుకుని, పగుళ్లున్నాయేమోనని వేలితో కొట్టి చూసింది. ఆ చప్పుడు నాకింకా గుర్తుంది.

తర్వాత ఆమె రోడ్డు పక్కన రేకుల పాకలో మరమరాలు అమ్ముకుంది. కొన్నేళ్లకి ఆ పాకలన్నీ తీసేసి, వాటి స్థలంలో పన్నెండు పక్కా కొట్లు కడతామన్నారు. పాకలున్నవాళ్లకే కొట్లు. కాకపోతే ఎవరు ఏం వ్యాపారం పెడతారో కాగితం మీద రాసివ్వాలి, బస్తీ కమిటీ కూర్చుని ఒప్పుకోవాలి. అందరూ ఉన్నదే రాశారు. మిఠాయి, గాజులు, కిరాణా, సైకిలు రిపేరు. అప్ప మాత్రం రాయించిన మాట వేరు. చావుసామాను కొట్టు.

బస్తీ అంతా గుప్పుమంది. ఆమె మంచి కోరినవాళ్లు చెప్పి చూశారు, మరమరాలని రాసెయ్, తర్వాత నీ ఇష్టం వచ్చింది అమ్ముకో, ఎవరొచ్చి చూస్తారు అని. ఆమె వినలేదు. దేవుడి ముందు ఒకటీ కాగితం మీద ఇంకొకటీ తనకి చేతకాదంది. కమిటీ కాదంటే పాకా పోయింది, కొట్టూ లేదు. బుట్ట నెత్తిన పెట్టుకుని నది అవతల మాంగో వీధుల్లో తిరగాల్సిందే. అప్పటికే ఆమెకి మోకాళ్ల నొప్పులు.

ఆ కమిటీలో నేనూ ఉన్నాను. నా గొంతు మీకు తెలిసిందే. మైకు లేకుండా సాయంత్రం పురాణం చెబితే నదికి అవతలి వాళ్లు కూడా విని ఇంట్లోంచే దండం పెట్టుకోవచ్చని మిఠాయి కొట్టాయన ఎగతాళి చేసేవాడు. చదివింది నాలుగో తరగతి. మిగతాదంతా ఎర్రగుడ్డలో చుట్టిన గ్రంథం టిఫిను డబ్బా పక్కన పెట్టుకుని, మధ్యాహ్నం గంట కొట్టేలోగా ఒక్కో పుటా నమిలి మింగింది. ధర్మసందేహం వస్తే జనం నా మొహం చూసేవారు. కమిటీ రోజున కూడా అదే చూశారు. నేను కూడా తడుముకోకుండా, ఎక్కడ చూపించాలో ఆ పుటల్లో ముందే ఈనెపుల్లలు పెట్టుకుని వెళ్లాను. శుభానికీ అశుభానికీ ఒకే గుమ్మం ఉండకూడదు. నా వాదం అది.

క్లబ్బు వరండాలో కూర్చున్నాం. అధ్యక్షుడు రిటైరైన ఫోర్‌మన్, బిహారీ పెద్దమనిషి. అందరికంటే గట్టిగా అడ్డం తిరిగినవాడు గాజుల షావుకారు. ఆయనకి వచ్చింది అప్ప పక్క కొట్టే. పెళ్లికూతుళ్లు గాజులు తొడిగించుకోవడానికి వస్తారు, పక్కన పాడె కనిపిస్తే ఎవరొస్తారని ఆయన గోడు. అది అబద్ధం కాదు. ఆయనకీ ఇద్దరు ఆడపిల్లలు. నేను లేచి నా వంతు నేను గర్జించాను. ఏమేం అన్నానో ఇప్పుడు రాయను. వరండా చూరులో పావురాలు లేచిపోయాయి, అది చాలు.

అప్ప ఒక గోనెసంచి తెచ్చుకుంది. నేను కూర్చున్నాక ఆమె లేచి, సంచిలోంచి ఒక్కొక్కటీ తీసి బల్ల మీద పెట్టింది. కొత్త కుండ. మూరెడు వెదురు ముక్క. మడత విప్పని తెల్లగుడ్డ. పసుపు. కర్పూరం. పేలాల పొట్లం.

"ఇందులో అశుభం ఏటో సెప్పండి బాబూ. అది నాను అమ్మను" అంది.

ఆమె కుండని షావుకారు వైపు జరిపింది. ఆయన పెద్దమ్మాయి పెళ్లికి అయిరేణి కుండలు తెచ్చింది తానేనని గుర్తుచేసింది. వెదురు చూపించి, పందిరి దేంతో వేశారంది. తెల్లగుడ్డకి పసుపు రాస్తే పెళ్లిబట్టలే కదా అంది. పేలాల పొట్లం మాత్రం తెచ్చి నా గ్రంథం పక్కన పెట్టింది.

"మొన్న పెళ్లిలో అన్న సేత సెల్లి దోసిట్లో పేలాలు పోయించి, హోమంలో ఎందుకేత్తారో అర్ధగంట సెప్పినావు కదా పురాణం తమ్ముడూ. అయీ ఇయీ ఒకటేనా, ఏరేవా?"

ఈనెపుల్లలు పెట్టిన పుటల్లో దానికి జవాబు లేదు. ఉన్న జవాబు నా నోట్లో ఉంది. తప్పు వస్తువులో లేదు, వాడకంలో ఉంది అన్నాను. బాగా చెప్పాననే అనుకున్నాను.

"ఆ వాడకం నా కొట్టులో జరగదు కదా తమ్ముడా" అంది అప్ప. "ఇంటికాడ జరుగుతాది. గట్టుకాడ జరుగుతాది. నా కాడున్నంతసేపూ కుండ కుండే."

అధ్యక్షుడు కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "బోలియే పండిత్‌జీ" అన్నాడు. చెప్పండి పండితులవారూ, అని. నన్ను పండితుడని అంత మర్యాదగా పిలిచింది ఆ ఒక్కసారే.

అక్కడ ఓడిపోయానని ఒప్పుకుని కూర్చుంటే ఈ స్మృతి వేరేలా ఉండేది. నేను అలా చెయ్యలేదు. కొట్టు ఇద్దాం గాని షరతులు పెడదాం అన్నాను. బోర్డు ఉండకూడదు. ముందు తెర వేలాడాలి. మూడోది, పక్కనున్న గాజుల కొట్టు బోణీ అయ్యేదాకా ఆమె షట్టరు ఎత్తకూడదు. ఆ మూడోది పూర్తిగా నా బుర్రలోంచి వచ్చింది. షావుకారు తల ఊపాడు. అప్ప వేలిముద్ర వేసింది. శాస్త్రాన్నీ కాపాడాను, విధవరాలినీ కాపాడాను అనుకుంటూ ఇంటికి వెళ్లి సుబ్బరంగా భోంచేశాను.

తర్వాతి సంగతులన్నీ చిన్నవి. ఆమె నీలం తెర కుట్టుకుంది. పొద్దున్నే వచ్చి మూసిన షట్టరు ముందు ముక్కాలిపీట వేసుకుని కూర్చునేది. పక్క కొట్టులో మొదటి గాజు అమ్ముడయ్యాక లేచి తాళం తీసేది. వచ్చినవాళ్లని బేరమాడనిచ్చేది కాదు, తానూ ఆడేది కాదు. వెళ్లేవాళ్లతో మళ్లీ రండి అనేది కాదు. ఆ మాట లేకుండా వ్యాపారం చేసిన మనిషిని నేను ఆమెనొక్కర్తెనే చూశాను. ఏమీ తెలియకుండా కంగారుగా వచ్చినవాళ్లకి ఏవేవి కావాలో, ఏ పని తర్వాత ఏ పనో నెమ్మదిగా చెప్పి, ప్రతి కుండనీ వేలితో కొట్టి చూసి ఇచ్చేది.

ఒకసారి అడిగాను, పొద్దున్నే దీపం పెట్టి ఏమని దండం పెడతావని. మిగతా కొట్లవాళ్లంతా మంచి బేరాలు రావాలని మొక్కుతారు. ఈమె ఏం మొక్కాలి? వస్తే ఎవరో పోయినట్టు, రాకపోతే తనకి తిండి లేనట్టు.

"ఏటీ అడగను. ఎలిగించి ఊరుకుంతాను" అంది.

ఫలం కోరకుండా పని చెయ్యమని నేను ఎన్ని సాయంత్రాలు గొంతు చించుకున్నానో మీకు తెలుసు. మీరు వింటూ కూర్చున్నారు, నేను చెబుతూ నిలబడ్డాను. చేసినావిడ ముక్కాలిపీట మీద కూర్చుంది.

మూడేళ్ల కిందట శ్రావణంలో నా భార్య పోయింది. ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చేసరికి పొద్దున ఎనిమిదైంది, జోరున వాన. సామాను కోసం గొడుగు వేసుకుని బజారుకి వెళ్లాను. కొట్లన్నీ తీసున్నాయి, కొనేవాడు ఒక్కడు లేడు. అప్ప మూసిన షట్టరు ముందు, చూరు కింద కాళ్లు దగ్గరికి ముడుచుకుని కూర్చుంది. నన్ను చూసి లేచింది. సంగతి నా మొహంలో కనిపించి ఉంటుంది. షట్టరు ఎత్తుతుందేమోనని చూశాను. ఎత్తలేదు.

"షావుకారు బోణీ అవ్వనేదు తమ్ముడా" అంది.

ఆ షరతు నేనే పెట్టాను, నేనే తీసేస్తున్నాను, తెరువప్పా అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు.

"నువ్వు పెట్టినా పదిమందిలో పెట్టినావు. పదిమందిలోనే తియ్యాల. కూకో, వత్తన్నా" అని పీట నావైపు జరిపి, కొంగు నెత్తిన కప్పుకుని గాజుల కొట్టులోకి వెళ్లింది. ఆకుపచ్చ మట్టిగాజులు అరడజను కొంది. షావుకారు అలవాటుగా డబ్బు కళ్లకద్దుకుని గల్లాపెట్టె మూశాడు. ఆయన మొహంలో ఆశ్చర్యం లేదు. అప్పుడు అర్థమైంది, ఇది మొదటిసారి కాదు. వానాకాలంలో, మూఢాల్లో, గాజులు కొనేవాళ్లు రాని రోజుల్లో, ఎవరింట్లోనో శవం ఎదురుచూస్తున్నప్పుడల్లా, గాజులు తొడుక్కోని ఆ మనిషి వెళ్లి గాజులు కొనేది. ఆ బోణీతో తన షట్టరు ఎత్తేది.

ఆ రోజూ అలాగే ఎత్తి, లోపల అన్నీ మూటకట్టి, గాజులు పైన పెట్టింది. "ముత్తయిదువుగా ఎల్లింది. మరదలికి తొడిగించు" అంది. అలా కొన్న గాజులన్నీ అలాగే పోయేవని తర్వాత తెలిసింది. పేదింటి ముత్తయిదువ ఎవరు పోయినా ఆ మూటలో ఆకుపచ్చ గాజులు ఉండేవి.

షరతు పదిమందిలో తియ్యాలని చెప్పింది కదా. తీయించానా? లేదు. పెద్దకర్మ అయ్యాక అనుకున్నాను. పండగలయ్యాక అనుకున్నాను. కమిటీ కూర్చున్నప్పుడల్లా నేను ఉన్నాను, నోరు ఉంది, గ్రంథం ఉంది. పెట్టినవాణ్ణి నేనేనని అందరికీ మళ్లీ గుర్తొస్తుందని లేవలేదు. మూడేళ్లు ఆమె అలాగే పీట మీద కూర్చుంది. ఈ మాట నేను వేదిక మీద చెప్పలేను. అందుకే రాస్తున్నాను.

సోమవారం కోడలు తాళంచెవి నా చేతికిచ్చింది. సామాను ఆమె కొట్టులోంచే తేవాలి కదా. ఇంకో ఇద్దరితో బజారుకి వెళ్లేసరికి ఎనిమిది దాటింది. రోజూ ఆ వేళకి కిటకిటలాడే వరసలో చప్పుడు లేదు. మిఠాయి కొట్టు పొయ్యి రాజెయ్యలేదు. గాజుల షావుకారు తన షట్టరు సగం ఎత్తి, దాని ముందు నిలబడి ఉన్నాడు. పెళ్లివారు కాబోలు, ఒక పిల్లా ఆమె తల్లీ మేనత్తలూ ఆయన ముందు నిలబడి ఉన్నారు. ముహూర్తం చూసుకుని వచ్చాం, త్వరగా తొడగమని ఆ తల్లి అడుగుతోంది.

"కాసేపు కూకోండమ్మా. ముందు పక్క కొట్టు బోణీ అవ్వాల" అన్నాడు షావుకారు.

నేను తాళం తీసి షట్టరు ఎత్తాను. నీలం తెర పక్కకి లాగాను. కుండల వరసలోంచి ఒకటి తీసి, ఆమె చేసినట్టే వేలితో కొట్టాను. గట్టిగా మోగింది. బయట పెళ్లికూతురు, షావుకారు జరిపిన అప్ప ముక్కాలిపీట మీద కూర్చుని, గాజుల కోసం చాపిన చెయ్యి వెనక్కి తీసుకోకుండా ఒళ్లో అలాగే పెట్టుకుని, మేము వెళ్లేదాకా చూస్తూ ఉంది.