పత్తిపువ్వు కింద ముకర్రమక్క

“అయ్యో, ఇది ఖర్బూజా! నా పిల్ల రైల్లోనే ఉండిపోయింది. ఇక దొరకదేమో అక్కా, దొరకదేమో!”

భుజాన వేసుకున్న శాలువా మూట విప్పి చూసుకుని జర్నిగార్ పెట్టిన కేకకు ప్లాట్‌ఫారం మీద సగం మంది తిరిగి చూశారు. రైలు తోక అప్పటికే సొరంగంలోకి జారిపోయింది. ఎర్ర టోపీ పెట్టుకుని రైళ్లను సాగనంపే ముకర్రమక్క పరుగున వచ్చి ముందు మూటలోకి తొంగిచూసింది.

“కాయ మంచిదే. వాసన అదిరిపోతోంది. పిల్ల ఎవరి దగ్గరుంది?”

“ఎవరో అవ్వ ఒళ్లో!”

తాష్కెంట్ మెట్రోలో నిలబడ్డ తల్లి చేతుల్లో బిడ్డ కనిపిస్తే కూర్చున్నవాళ్లు అడగరు, లాక్కుని ఒళ్లో పెట్టుకుంటారు. మూటకైనా అదే మర్యాద. పుట్టింటికి బయల్దేరిన జర్నిగార్ దగ్గర నిద్రపోతున్న మూడేళ్ల లోలాను ఒక అవ్వ తీసుకుంది, పొడుగాటి ఖర్బూజాను పక్కనున్న పెద్దాయన తీసుకున్నాడు. రెండింటికీ ఒకే తానులో చించిన శాలువాలు. తలుపులు మూసుకుంటున్నాయన్న గొంతు వినపడగానే ఆమె చేతికందిన మూటను భుజాన వేసుకుని దిగేసింది. బళ్లో ఫిజిక్స్ పాఠాలు చెప్పే మనిషే. కానీ బరువు దాదాపు సరిపోయింది, చేతులు నమ్మేశాయి.

“వెనకొచ్చే రైలెక్కి పక్క స్టేషన్‌కి పోతాను!”

“ఈలోగా అవ్వ వెనక్కొస్తే? నువ్వటు, ఆవిడిటు. సొరంగంలో ఎదురుపడి చేతులూపుకుంటారా?”

“అయితే మెట్లెక్కి గుమ్మటాల వైపు వెతుకుతాను.”

రెండు స్టేషన్లు వీపుకి వీపు ఆనించి కట్టినట్టుంటాయి. ఇవతల గోడల నిండా రాతిముక్కలు పొదిగిన పత్తిపువ్వులు. నడిమి మెట్లెక్కి అవతల దిగితే మరో లైను, నీలి గుమ్మటాల కప్పు. మెట్లవైపు ఉరికిన జర్నిగార్ మోచెయ్యి పట్టుకుని ముకర్రమక్క వెనక్కి లాగింది. ఆ లాగుడికి ఖర్బూజా చేయి జారి, గచ్చు మీద దొర్లుకుంటూ పట్టాల వైపు పోయింది. ఒక సిపాయి ఎగిరి బూటు అడ్డం పెట్టాడు. జనం “గోల్ తప్పింది!” అని అరిచారు.

ముకర్రమక్క ఆమెను పత్తిపువ్వుల కింద కూర్చోబెట్టింది.

“చిన్నప్పుడు బడి మూసి మమ్మల్ని పత్తి తీయడానికి తోలేవాళ్లు. నడుం విరిగేది తల్లీ. ఇప్పుడదే పత్తి ముందు టోపీ పెట్టుకుని నిటారుగా నిలబడుతున్నా, చూశావా నా దర్జా? అవునూ, రైలు మారినప్పుడల్లా ఆ కింది పువ్వుకి ముద్దుపెట్టే పిల్ల నీదేనా?”

“నాదే.”

“ఓసి దాని దుంపతెగ! ఆ ఎంగిలి తుడవలేక చస్తున్నాను.”

ఏడుపు మధ్యలోనే జర్నిగార్‌కు నవ్వొచ్చింది. ఎదుటి నుంచి రైలొచ్చింది. అందులో అవ్వ లేదు. నవ్వు ఆగిపోయింది. జర్నిగార్ మళ్లీ లేవబోతే ముకర్రమక్క ఖర్బూజా తెచ్చి ఒళ్లో పెట్టింది, బరువుకి కదలకుండా.

తరువాతి రైలు తలుపు తెరుచుకోగానే, మనిషి కన్నా ముందు తిట్లు దిగాయి.

“పిల్లను పారేసి కాయ పట్టుకుపోయిన మహాతల్లి ఎవరమ్మా? పక్క స్టేషన్‌లో దిగి, ఈ కాళ్లతో వెనక్కొచ్చే రైలు వైపుకి చేరేసరికి కళ్లముందే ఒక రైలు పోయింది. ఇదేమో లేచి పత్తి, పత్తి అని ఒకటే గోల. పత్తి ఇంకెక్కడుంది, ఇక్కడే కదా!”

లోలా అవ్వ భుజం దిగి, తల్లిని దాటుకుని పోయి, ముందు పువ్వుకి ముద్దుపెట్టింది. జర్నిగార్ పిల్లనీ, పువ్వునీ, గోడనీ కలిపి కావలించుకుంది.

“అమ్మా, కాయ కోద్దామా?” అంది లోలా.

పైన, స్టేషన్ బయటి మెట్ల మీద, సిపాయి జేబులోని చాకుతో కోశారు. అవ్వకు ముక్క, సిపాయికి ముక్క, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ ముక్క. పుట్టింటికి చేరింది ఖాళీ శాలువా.

ఇప్పుడు జర్నిగార్ ఏ స్టేషన్‌లో దిగినా ముందు లోలాతో ఒక బొమ్మను ఎంపిక చేయించి గానీ అడుగు ముందుకెయ్యదు. మూతి తుడుచుకుంటూ ముకర్రమక్క ఆ రోజు అన్న మాట అదే:

“పిల్లకి స్టేషన్ పేరెందుకే, ఒక బొమ్మ చూపించు. తప్పిపోతే అక్కడికి రమ్మని చెప్పు. నువ్వూ అక్కడే నిలబడు. కాళ్లు ఆగనంటే ఒళ్లో ఖర్బూజా పెట్టుకో.”