ఫ్యాను కింద మంచం కోసం కింగ్స్ గాంబిట్

పోయినవాటి లెక్క ముందే చెప్పేస్తాను: ఒక బంటు, ఒక గుర్రం, ఆ తరువాత ఒక శకటు, అన్నీ కలిపి ఏడు పాయింట్లు, మే నెలలో ముప్పై ఒక్క రాత్రుల గాలి, లెక్కల మనిషినన్న గర్వం (దీనికి విలువ కట్టలేదు). ఆ రోజుల్లో అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులో చేరిన ప్రతివాడికీ తాను రెండెత్తులు ముందున్నానని నమ్మకం. నాకైతే మూడు.

ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో మా గదికి రెండు మంచాలు, ఒకటే ఫ్యాను. దాని గాలి ఒక మంచానికే అందేది. రెండోది ఎండకు కాగిన గోడ వారన. ఏప్రిల్ ఆఖరున, నాతో ఆ గదిలో ఉండే సిరిసిల్ల అన్న తేల్చేశాడు: "ఒక్క ఆట చదరంగం. గెల్చినోడు మే నెలంత ఫ్యాను కింద." నేను పంజాగుట్ట ఫుట్‌పాత్ మీద పాత పుస్తకం కొని వారంపాటు కింగ్స్ గాంబిట్ అనే ఆరంభపు ఎత్తుగడ బట్టీపట్టాను. రాజు పక్క వరుసలోని బంటును రెండో ఎత్తులోనే ఎర వెయ్యాలి. తింటే అవతలి బంటు మధ్యలోంచి పక్కకు తప్పుకుంటుంది, మధ్య గళ్లు మనవి. కోట కట్టగానే మన ఏనుగు ఆ వరుసలోకి వచ్చి, రాజు తప్ప కాపలా లేని బంటు మీద గురిపెడుతుంది. ఇచ్చేది బలగం, కొనేది సమయం. మూడెత్తులు కలిసొస్తే ఒక బంటు ఖర్చు గిట్టినట్టేనని నోట్సులో రాసుకున్నాను.

బంటు ఇచ్చాను, తిన్నాడు. గుర్రం కూడా ఇచ్చాను.

"ఏంది తమ్మీ, గిట్ల పంచుతున్నవ్? ఇంట్ల పెండ్లా?"

"మీరు తినండి అన్నా, అరిగేలోగా బిల్లు వస్తుంది."

మంత్రి, శకటు, ఏనుగు మూడూ ఆ ఒక్క గడి మీదికి గురిపెట్టాయి. నేను అప్పటికే నా దుప్పటి ఫ్యాను కింద మంచం మీద పరిచేశాను కూడా. అన్న చాలాసేపు చూసి, రాజును ఎత్తి, గుర్రంలా దూకించి, అటువైపు బంట్ల చాటున పెట్టాడు.

"రాజు గెంతడమేంటి అన్నా!"

"చెక్ పడకముందు ఒక్కపారి దుంకొచ్చు గదా. మా తాత కాలంకెల్లి గిదే ఆట. నువ్వు రాజును, ఏనుగును ఒక్కపారే జరిపి కోట కడితే నేనేమన్న అన్ననా?"

నాకు ఆట నేర్పిన మా మేనమామ కూడా తన రాజును ఆటకొకసారి అలాగే గెంతించేవాడు. పుస్తకం చదివిన వారంలో నేనే మరిచిపోయాను. నా మూడు ఫిరంగుల ఎదుటా ఇప్పుడు ఖాళీ ఇల్లు. ఉక్రోషంతో శకటును కూడా పారేసుకుని ఓడిపోయాను.

దుప్పటి మడిచి గోడ వారకు పోతుంటే అన్న అన్నాడు: "ఫికర్ జెయ్యకు తమ్మీ. నీ రాజు దుంకనే లేదు. ఆ దుంకు నా తాన ఉంటది, ఎప్పుడన్న అడుగు."

ఆ తరువాత అన్న ఎటో, నేనెటో. అడుగు తీసి అడుగు వేసేముందు లెక్కేసుకునే నాకు, అడిగే ధైర్యం ఇన్నేళ్లలో ఒక్కసారీ రాలేదు. నాకు రావలసిన బాకీ ఇప్పటికీ అలాగే ఉంది: ఒక్క దుంకు.