నూకల ఉండలు

వేయించిన నూకల్లో బెల్లం పాకం పడ్డప్పుడు వచ్చే కమ్మటి వాసనకు ఎవరికైనా నోరూరుతుంది. నాకు మాత్రం కాలు ఒకచోట నిలవదు. నిన్న మా కోడలు పిల్లలకని ఆ ఉండలే చేస్తుంటే వంటింట్లోకీ వసారాలోకీ తిరుగుతూనే ఉన్నాను. "ఏంటి మావయ్యగారూ, ఆకలేస్తోందా?" అని నవ్వింది. ఆ వాసనతో నాకు రత్నం గారు గుర్తొస్తారని ఆమెకేం తెలుసు!

బాపట్లలో వ్యవసాయం చదివి, అరవైల చివర్లో రేపల్లె వ్యవసాయశాఖ ఆఫీసులో చేరినప్పుడు ఆయన నా పైఅధికారి. కుదురులేని మనిషి. కుర్చీలో కూర్చున్నా మోకాలు ఆడుతూనే ఉండేది. రైతుకు ఏ మందు ఇచ్చినా మర్నాడు వాళ్ల గుమ్మంలో ఆయన ఉండాల్సిందే, పక్కన నేనూ ఉండాల్సిందే. ఎండలో సైకిలు తొక్కుతూ ఆయన్ని లోలోపల తిట్టుకోని రోజు లేదు.

అప్పట్లోనే మా ఆఫీసుకు ఎలుకల మందు కొత్తది వచ్చింది, వార్ఫరిన్. పాత మందు నల్లగా ఉండి కంపు కొట్టేది, పిల్లలు దాని దరిదాపులకు పోయేవారు కాదు. దీనికి వాసనా లేదు, రుచీ లేదు. రోజూ కాస్త కాస్త తింటూ పోతే రక్తం గడ్డకట్టే గుణం పోయి, కొన్నాళ్లకు లోలోపలే రక్తం కారి ఎలుక చస్తుంది. "తినేదానికి కూడా తెలియదయ్యా. నాకు అదే భయం," అనేవారు రత్నం గారు.

పక్క ఊళ్లో వెంకయ్య గారి గాదె కింద ఎలుకలు చేరాయంటే ఆ మందు ఇచ్చాం. నూకల్లో కలిపి, పిల్లలకు అందకుండా చిప్పల్లో పెట్టమన్నాం. ఆ వెంటనే మాకు గుంటూరులో మీటింగులు పడ్డాయి. అక్కడున్నన్నాళ్లూ ఆయన అన్నం సరిగా తినలేదు. తిరిగొచ్చి రైలు దిగగానే తిన్నగా ఆ ఊరికే నడిపించారు.

"రోజూ పెడుతున్నానండి, రోజూ ఖాళీ!" అంది వెంకయ్య గారి తల్లి సీతమ్మ గారు సంబరంగా. నూకలు వేయించి, బెల్లం పాకం పట్టి, మందు కలిపి ఉండలు చుట్టిందట. "చచ్చేవైనా మనింట్లో తింటున్నాయి కదండీ, నోటికి హితవుగా ఉండొద్దూ?"

రత్నం గారు గాదె కింద వంగి చూశారు. చిప్పలు శుభ్రంగా ఉన్నాయి. ఒక్క నూక రాలలేదు, ఎలుక పెంటిక లేదు. మోకాలి ఆట ఆగిపోయింది. అరుగు మీద వెంకయ్య గారి చిన్న కూతురు ఎర్రగా ఉమ్ముతోంది.

"పాలపన్ను కదులుతోందండి," అంది పిల్ల తల్లి.

ఆయన పిల్ల కాళ్లు చూశారు. దెబ్బ తగలకుండానే నల్లగా కమిలి ఉన్నాయి. "ఏం తిన్నావమ్మా?"

"నాయనమ్మ ఉండ. రోజూ ఒకటే తిన్నా," అంది భయంగా.

సీతమ్మ గారు అక్కడే కూలబడింది. వెంకయ్య గారికి మాత్రం నమ్మకం కుదరలేదు. "ఆడుకుంటూనే ఉందండీ. పొద్దున్నే చూద్దాం."

"పొద్దుటికి ఆడుకోదు! లేవండి!" అని అరిచారు రత్నం గారు. ఆయన అరవగా వినడం నాకదే మొదలు.

తెనాలి బండిలో పిల్ల తల్లి ఒడిలో పడుకుంది. మందు డబ్బా చేత్తో పట్టుకుని ఆయన తలుపు దగ్గరే నిలబడ్డారు. ఆసుపత్రిలో డాక్టరు ఆ డబ్బా చదివి విరుగుడుగా విటమిన్ కె సూది వేశాడు. మర్నాటికి చిగుళ్ల నెత్తురు ఆగింది. నాకు ప్రాణం లేచొచ్చింది. "ఇక వెళ్దామా సార్?" అన్నాను.

"నిన్న వాళ్లూ బాగానే ఉందన్నారు కదయ్యా," అన్నారు. "మందిచ్చింది నేను."

పిల్లను ఇంటికి పంపేదాకా ఆయన ఆ వరండా వదల్లేదు. నేనూ వదల్లేదు. ఆ తర్వాత ఆయన వెంట సైకిలు తొక్కడానికి నేనెప్పుడూ విసుక్కోలేదు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆ కుదురులేనితనం మాత్రం నాకు అంటుకుని ఉండిపోయింది.

నిన్న పిల్లలు ఉండలు తిన్నారు. ఇవాళ పొద్దున్నే వాళ్ల నోళ్లు తెరిపించి చిగుళ్లు చూశాను. కోడలు మళ్లీ నవ్వింది. నవ్వనీ, రేపు కూడా చూస్తాను.