మూతపడని రెప్పలు

కళ్ళక్క ముఖంలోకి రోజూ ఎవరో ఒకరు కన్నార్పకుండా చూస్తూ కూర్చుంటారు. అది వాళ్ళకు సరదా కాదు, అవసరం. ప్రమాదంలోనో జబ్బులోనో ఒక కన్ను పోగొట్టుకున్నవాళ్ళు వాళ్ళు. ఆమె కృత్రిమ కళ్ళు తయారుచేస్తుంది. మిగిలిన కంటిని చూసి దానికి జత గీయాలంటే, ఆ మనిషి ఎదురుగా కూర్చుని తిన్నగా ఆమె కళ్ళల్లోకే చూడాలి. అప్పుడే నల్లగుడ్డు సరిగ్గా మధ్యకు వస్తుంది. ఇంతమంది ఇంత దగ్గరగా చూసే ఆడమనిషి ఆ చుట్టుపక్కల మరొకరు ఉండరు. అయితే ఏం లాభం? వాళ్ళు చూసేది తమ కన్ను బాగా రావాలని. పనైపోగానే అద్దం వైపు తిరుగుతారు.

ఆమె పనిగది ఒక సందులో, కళ్ళజోళ్ళ దుకాణం పైన. కిటికీ వారగా బల్ల, దాని మీద పిల్లి మీసమంత సన్నని కుంచెలు, ఒక ఎర్ర పట్టుదారపు ఉండ. ఆ దారాన్ని పోగులు పోగులుగా విడదీసి తెల్లగుడ్డు మీద నరాల్లా అతికిస్తుంది. సొరుగు లాగితే నిండా తెల్లని చిప్పలు. కొత్తవాళ్ళు ఉలిక్కిపడతారు.

"గోళీలా గుండ్రంగా ఉంటుందనుకున్నారా? ఇది చిప్పే. రెప్పల వెనకాల దూరి కూర్చుంటుంది. అసలు గుడ్డు కూడా మనకు కనబడేది కొంచెమే, మిగతాదంతా ఎముకల గుంతలో దాక్కునే ఉంటుంది" అని ఓపిగ్గా చెబుతుంది.

అక్కడితో ఆగితే ఆమె కళ్ళక్క ఎందుకవుతుంది! కంటికి ఉన్న కాపలా అంతా ఏకరువు పెట్టాల్సిందే. దెబ్బ పడితే ముందు కాచుకునేది గుంత చుట్టూ ఉన్న ఎముక. నుదుటి చెమట లోపలికి దిగకుండా పక్కకు మళ్ళించేది కనుబొమ. దుమ్మును ఆపేవి వెంట్రుకలు. వీటన్నిటికీ పెద్ద రెప్ప. నీళ్ళు పైమూలలో ఊరతాయి, రెప్ప వాటిని కన్నంతా పులిమి ముక్కు వైపు మూలకు తోస్తుంది, అక్కడున్న సన్నని రంధ్రాల్లోంచి అవి ముక్కులోకి దిగుతాయి. "అందుకే ఏడిస్తే ముక్కు చీదుకోవాల్సి వస్తుంది. కంటికి రెప్పలా అని పెద్దవాళ్ళు ఊరికే అన్నారా?" అని ముగిస్తుంది. ఇంత తెలిసిన మనిషికి తన రెప్పల సంగతి మాత్రం తెలియదు. ఎలా తెలుస్తుంది, పాపం!

తల్లి పోయినప్పటి నుంచి ఆమెకు పొద్దున లేచేసరికి కళ్ళు ఎర్రగా ఉంటున్నాయి. ఇసుక పోసినట్టు గరగర. వీధిలో వాళ్ళు చూసి, తల్లిని తలుచుకుని రాత్రంతా ఏడుస్తోంది పిచ్చిది అనుకున్నారు. ఆమె కాదనలేదు. ఏడవలేదని చెబితే అదో తప్పయ్యేలా ఉంది. కొన్నాళ్ళకు గరగర మధ్యాహ్నం దాకా సాగింది, ఆ తర్వాత కుంచె కొన మసకబారింది. అప్పుడు భయపడింది. ఎరిగిన డాక్టర్ల దగ్గరికి వెళితే ఆ మాట నలుగురికీ పాకుతుందని, ఎరగని ఆసుపత్రిని వెతుక్కుని వెళ్ళింది.

డాక్టరమ్మ చిన్న వయసుది, మాట నెమ్మది.

"రెండు కళ్ళకూ నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర కింది భాగంలో ఎండిపోయి చిట్లుతోందండీ. ఇలాగే వదిలేస్తే మచ్చ పడుతుంది. మీరేం పని చేస్తారు?"

"ప్లాస్టిక్ అరగదీస్తానమ్మా. సన్నపనే" అంది కళ్ళక్క, అసలు సంగతి దాటేసి.

"ఆ పొడి వల్ల కావచ్చు. అదే అయితే పని మానేయాల్సి ఉంటుంది. లేదంటే నిద్రలో రెప్పలు పూర్తిగా మూతపడకపోవచ్చు. కొందరికి అలా ఉంటుంది, వాళ్ళకే తెలియదు. అదైతే మందు రాసి, పడుకునే ముందు టేపు వేసుకుంటే సరిపోతుంది. ముందు ఇది తేలాలి. మీరు నిద్రపోతున్నప్పుడు ఇంట్లో ఎవరినైనా చూడమనండి."

"అలాగేనమ్మా" అంది. ఇంట్లో ఎవరూ లేరని చెప్పడానికి నోరు రాలేదు. కడుపు చించుకుంటే కాళ్ళమీదే పడుతుంది కదా.

పని మానేయడమంటే ఆమెకు కూటికి లేకపోవడం ఒక్కటే కాదు. ఆ బల్ల ముందు కూర్చోకపోతే ఆమె ముఖం చూసే మనిషే ఉండడు.

ఎవరిని అడగాలి? ఎదురింటావిడను తలుచుకుంది. మంచిదే, కానీ ఆవిడ చెవిన పడిన మాట గాలి కంటే ముందు వీధి దాటుతుంది. కింద కళ్ళజోళ్ళతనికి ఆడమనిషి నిద్రను చూడమని ఎలా చెబుతుంది? అక్కా అని పిలిచేవాళ్ళు వందమంది, అక్క ఇంటి గడప తొక్కినవాడు ఒక్కడూ లేడు. చివరికి ఫోనునే నమ్ముకుంది. గ్లాసుకు ఆనించి, వీడియో పెట్టి, లైటు వేసుకుని పడుకుంది. ఫోటోకు కూర్చున్నట్టు బిగుసుకుపోయింది తప్ప కంటిమీదికి కునుకు రాలేదు. లైటు తీసి మళ్ళీ ప్రయత్నిస్తే, ఫోను చీకటిని బహు శ్రద్ధగా తీసి పెట్టింది.

అలాంటి రోజుల్లో వచ్చాడు గోదాము కాపలా ముసలాయన. షట్టరు తీగ తెగి, ఎగిరి తగిలి ఎడమ కన్ను పోయింది. వాగుడుకాయ. బొమ్మలా కూర్చోమంటే కూర్చుంటాడు గానీ నోరు ఊరుకోదు.

"అమ్మా, నువ్వు పెట్టే కన్ను ఏడుస్తుందా?"

"ఏడుస్తుంది బాబాయ్. గుడ్డు పోయింది గానీ నీళ్ళు ఊరే గ్రంథి పైన భద్రంగానే ఉంది."

"చూడటం చేతకాకపోయినా ఏడవడం వచ్చన్నమాట. మా పెద్దకోడలి లాగా!"

ఆమె నవ్వింది. నవ్వి ఎన్నాళ్ళయిందో. ఆయన కంటిని చూసి రంగులు కలిపింది. నల్లగుడ్డు అంటాం గానీ అందులో నలుపు ఉండదు. కంటిపాప చుట్టూ బెల్లపు రంగు, బయటికి వచ్చే కొద్దీ కాఫీ రంగు, అంచున వయసు తెచ్చిన బూడిద వలయం. ఆ బూడిద వలయం గీయడం మరిచిపోతే ముసలి ముఖంలో కుర్ర కన్ను పెట్టినట్టుంటుంది. కుంచె కొన రెండుసార్లు మసకబారితే, పక్కకు తిరిగి కళ్ళు ఒత్తుకుంది. ముసలాయన చూశాడు.

రంగులు అయ్యాక చిప్పను అచ్చులో బిగించి వేడినీళ్ళలో పెట్టాలి. అది ఉడికేదాకా ఇద్దరికీ పని లేదు. ఆయన ఇల్లు దూరం, వెళ్ళి రాలేడు. మధ్యాహ్నపు ఎండ గోడ మీదికి పాకింది. మెట్ల వైపు తలుపు బార్లా తీసే ఉంది.

"బాబాయ్, ఒక మాట అడుగుతాను. తప్పుగా అనుకోకు" అంది కళ్ళక్క.

"చెప్పమ్మా."

"నేను ఈ కుర్చీలో కాసేపు నిద్రపోతాను. నా కళ్ళు మూసుకున్నాయో లేదో చూసి చెబుతావా?"

చెప్పేసరికి ఆమె ముఖమంతా కందిపోయింది. డాక్టరమ్మ అన్నది, పని పోయేలా ఉన్నది, ఇంట్లో ఎవరూ లేనిది, అంతా ఒక్క గుక్కలో చెప్పేసింది. ముసలాయన కుర్చీని ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నాడు.

"ఇన్నేళ్ళూ తాళాలకూ గోడలకూ కాపలా కాశాను. మనిషిని కాయమన్నది నువ్వే. పడుకో. ఒంటి కన్నే గానీ గట్టిది" అన్నాడు.

మొదట నిద్ర రాలేదు. ఆయన గోదాములో ఎలుకల గురించి ఏదో చెబుతున్నాడు. గదిలో ఇంకో మనిషి ఊపిరి వినబడుతుండగా పడుకుని ఆమెకు చాలా కాలమైంది. ఎలుకల కథ ఎటు పోయిందో తెలియకుండానే నిద్రలోకి జారిపోయింది.

లేచేసరికి అచ్చు చల్లారబెట్టే వేళయింది. ముసలాయన ఎక్కడ కూర్చున్నవాడు అక్కడే ఉన్నాడు.

"మూతపడలేదమ్మా. గుడ్డు పైకి వెళ్ళిపోయింది, కింద సన్నగా తెల్లది కనబడుతూనే ఉంది. రెండూ అంతే. సగం కళ్ళతో వింటున్నావనుకుని నేను చాలాసేపు చెబుతూనే ఉన్నా. గురక పెట్టాక తెలిసింది."

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ప్లాస్టిక్ పొడి కాదు, పని మానక్కర్లేదు.

"చెయ్యి పెట్టి మూద్దామనుకున్నా. మా పిల్లలకు అలాగే మూసేవాణ్ణి, నుదుటి మీంచి కిందికి ఇలా నిమిరితే చాలు. మళ్ళీ, పరాయివాణ్ణి కదా అని ఊరుకున్నా" అంటూ ఆయన గాలిలో చెయ్యి కిందికి దువ్వి చూపించాడు.

కళ్ళక్క ఆ చెయ్యినే చూస్తూ ఉండిపోయింది. ఆ కదలిక ఆమెకు తెలుసు. నిద్ర పట్టీ పట్టకముందు ముఖం మీదికి వచ్చే ఉల్లిపాయ వాసన అరచెయ్యి. నుదుటి మీంచి బుగ్గల దాకా, రోజూ, బుద్ధెరిగిన నాటి నుంచీ. "అబ్బా, నేనేమైనా చంటిపిల్లనా?" అని విసుక్కునేది. "నీకేం తెలీదు, పడుకో" అనేది తల్లి. ఆఖరి రోజుల్లో మంచాన పడ్డాక కూడా, "నా మంచం ఇంకాస్త ఇటు జరపవే, చెయ్యి అందాలి" అని ఒకటే పోరు. మా అమ్మకు చావంటే భయం, నా మీద చెయ్యి వేసుకుని పడుకుంటుంది అని వచ్చినవాళ్ళ దగ్గర కళ్ళక్క నవ్వుతూ చెప్పింది కూడా. భయం నిజమే. ఆ భయం తన చావు గురించి కాదని, కూతురి రెప్పల గురించని ఈ పూట తెలిసింది. తెలిసి ఏం లాభం, చెప్పడానికి మనిషి లేదు. ఇన్నాళ్ళూ రాని ఏడుపు అప్పుడు వచ్చింది. ముసలాయన లేచి కిటికీ దగ్గర నిలబడ్డాడు.

కన్ను బాగా వచ్చింది. పెట్టుకుని అద్దం వైపు తిరగకుండా ఆయన ముందు ఆమె వైపు తిరిగాడు. "ఎలా ఉన్నా?" అని అడిగాడు.

డాక్టరమ్మ దీపం వేసి మళ్ళీ చూసి, తృప్తిగా తలాడించింది. "నేననుకున్నదే. గుడ్డు పైకి తిరగబట్టే చాలావరకు కాపాడుకుంది. పని మానక్కర్లేదు లెండి. ఇంట్లో ఎవరు చూశారు?"

"మా అమ్మ" అంది కళ్ళక్క.

"మంచిది. అయితే రోజూ టేపు ఆవిడనే వేయమనండి. ఒక్కరే వేసుకుంటే రెండో కన్ను వేశాక ఏమీ కనబడదు, ఇబ్బంది పడతారు."

"అలాగేనమ్మా."

ఇబ్బంది నిజంగానే ఉంది. మొదటి కంటికి అద్దంలో చూసుకుని టేపు వేసింది. రెండోదానికి వేళ్ళతో తడుముకుంటూ, రెప్పను నుదుటి మీంచి కిందికి నిమిరి అతికించింది. లైటు తీయడం మరిచిపోయింది, ఇప్పుడిక తీసినా తీయకపోయినా ఒకటే. గోడ పట్టుకుని మంచం దాకా వెళ్ళి పడుకుంది. పక్కనే ఉన్న తల్లి మంచాన్ని అటకెక్కించమని అందరూ చెప్పారు గానీ ఆమె కదపలేదు. చెయ్యి చాపి చూసింది. సరిగ్గా అందింది.