క్షిపణుల కాపరి యెఫీమ్ లూకిచ్

మా అపార్ట్‌మెంటు మెట్ల మీద ఎదురు తలుపు యెఫీమ్ లూకిచ్‌ది. అది తెరుచుకుంటే ముందు పొగబెట్టిన చేప వాసన వచ్చేది, ఆ వెనక ఆయన పొట్ట, ఆపైన ఆయన. నేను ఈ ఊరి బడిలో భూగోళం చెబుతాను. మా ఆయనా పడవ మీద చేసినవాడే. దేశానికి తూర్పు చివర, నౌకాదళం రేవున్న మా రిబాచీలో జలాంతర్గామిని జలాంతర్గామి అని ఎవరూ అనరు, పడవ అంటారు. కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్ళు చేపలు పట్టే పడవలనుకుని ఒకటి రెండు నెలలు పొరబడతారు.

యెఫీమ్ పుట్టింది వొలోగ్దా వైపు అడవుల్లో ఒక పల్లె. తల్లి సమష్టి వ్యవసాయ క్షేత్రంలో ఆవుల పాలు పిండేది. సైన్యంలోకి పిలుపు వచ్చేదాకా ఆయన సముద్రం చూడలేదు. చూశాక వదల్లేదు. నిర్బంధ సేవ ముగిసినా ఊరికి తిరిగి వెళ్ళకుండా మిచ్‌మన్ అయ్యాడు. నావికుడికి పైన, అధికారికి కింద ఉండే హోదా అది. పనంతా వాళ్ళమీదే నడుస్తుంది, పతకాలు మాత్రం కాస్త పైనుంచి వెళ్ళిపోతాయి.

ఆయన పని క్షిపణుల సంరక్షణ. పడవ పొట్టకు రెండు వైపులా ఏటవాలుగా పెద్ద గొట్టాలుంటాయి, ఒక్కో దాంట్లో లారీ అంత క్షిపణి. వాటికి తేమ తగలకూడదు, చలి తగలకూడదు, మూతల చుట్టూ ఉన్న రబ్బరు పగలకూడదు. పొద్దున డ్యూటీ ఎక్కగానే గొట్టం గొట్టం దగ్గరా ఆగి అరచేత్తో తట్టి, కొలతలు చూసి, ఇంకోదాని దగ్గరికి వెళ్ళేవాడు. వాళ్ళమ్మ కొట్టంలో ఆవుల వీపు తట్టినట్టే. కుర్రాళ్ళు నవ్వేవారు. ఆవుల్ని పలకరిస్తే పాలు ఎక్కువ ఇస్తాయని మా అమ్మ చెప్పేది, ఇవి ఏమీ ఇవ్వకపోతేనే మనకు మంచిదనుకోండి, అనేవాడు.

ఆ పడవ పుట్టిందే ఒక్క పనికి. అవతలివాళ్ళ దగ్గర విమానవాహక నౌకలు బోలెడన్ని ఉన్నాయి. వాటికి దీటుగా అన్నేసి ఓడలు కట్టే స్తోమత మనకు లేదు. అందుకని నీటి కింద దాక్కుని, ఆ నౌకను కనిపెట్టి, అవసరం వస్తే క్షిపణులన్నీ ఒక్కసారే దానిమీద వదలాలి. యెఫీమ్‌కు ఈ ఏర్పాటు నచ్చింది. ఒక ఓడ, ఒక పడవ. వాడు మనల్ని వెతుకుతాడు, మనం వాణ్ణి వెతుకుతాం. ఇందులో దొంగతనం లేదు అనేవాడు.

కాపితొలీనాను, మా అందరి కాపాను, ఆయన చేసుకున్న వైనం ఊరంతటికీ తెలుసు. ఆమె రొట్టెల ఫ్యాక్టరీలో పిండి కలిపే చోట పనిచేసేది. ఒక చలికాలం మంచుతుఫాను కొట్టి రొట్టెల బండి దారిలో కూరుకుపోయింది. నావికులను పంపి తట్టలు మోయించారు. యెఫీమ్ గట్టు దిగుతూ నడుముదాకా మంచులో దిగబడిపోయాడు. తట్ట మాత్రం తలపైన రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాడు. ఒక్క రొట్టె జారలేదు. బండి దగ్గర నిలబడి చూస్తున్న కాపా, "మనిషి మునిగాడు, రొట్టె తేలింది. ఇలాంటివాణ్ణి వదులుకోకూడదు" అందట. ఆ వేసవికే పెళ్ళి. పిల్లలు కలగలేదు. ఆ మాట వాళ్ళింట్లో ఎత్తేవారు కాదు. మా మెట్ల మీది పిల్లలందరూ మాత్రం వాళ్ళ వంటగదిలోనే పెరిగారు.

ఆయనకు ఒక గొప్ప కథ ఉండేది. ప్రతి పండుగకూ, మూడో గ్లాసు తర్వాత అది వచ్చి తీరేది. పెళ్ళయిన కొత్తలో వాళ్ళ పడవ ఒక విమానవాహక నౌకను పట్టుకుని, అది పసిగట్టకుండా రోజుల తరబడి దూరం నుంచి వెంబడించింది. పడవలో ఉన్నవాళ్ళకు కిటికీలుండవు కదా, చూసేదేమీ లేదు. శబ్దాలు వినే నాజర్ అనే స్నేహితుడు ఒకసారి ఈయన చెవులకు తన హెడ్‌ఫోన్లు తగిలించాడు. మా ఊరి పిండిమర లాగే మోగిందే కాపా, అని చెప్పేవాడు. దాంట్లో అయిదు వేలమంది ఉంటారట. అయిదు వేలమందికి పొద్దున్నే రొట్టె ఎవడు కాలుస్తాడో, పిండి ఎవరు కలుపుతారో అని నాకు అదే ఆలోచన, అనేవాడు. ఇక్కడ కాపా ప్రతిసారీ అందుకునేది, ఎవరు కలిపినా నా అంత బాగా కలపరులే అని. ఆ పడవ తిరిగొచ్చినప్పుడు రేవులో బ్యాండు వాయించి, మామూలు ప్రకారం కాల్చిన పందిపిల్లను కెప్టెన్ చేతుల్లో పెట్టారు. తోక ముక్క యెఫీమ్‌కు దక్కింది.

తర్వాత చెడ్డకాలం వచ్చింది. దేశం పేరు మారింది, జీతాలు ఆగాయి, గదుల్లో వేడినీటి గొట్టాలు పగిలాయి. మా మెట్ల మీద సగం తలుపులకు మేకులు కొట్టేసి జనం ప్రధాన భూభాగానికి వెళ్ళిపోయారు. మా ఆయన పోయింది కూడా ఆ రోజుల్లోనే, గుండెనొప్పితో. పడవ రేవుకు కట్టేసి ఉండేది. వెళ్ళిపోదామని కాపా రెండు సార్లు పెట్టె సర్దింది. నేను వెళ్తే ఆ మూతలు ఎవరు చూస్తారు అని ఆయన అడిగేవాడు. ఆ మూతలను నువ్వు చూస్తున్నావని ఎవడు చూస్తున్నాడు అని ఆమె. ఆయన గాలం తీసుకుని బయటికి వెళ్ళిపోయేవాడు. మంచుకు కన్నం పొడిచి చిన్న చేపలు పట్టుకొచ్చేవాడు, కాపా వాటిని కోయకుండా అలాగే వేయించి నాకూ ఒక పళ్ళెం ఇచ్చేది. ఆ చేపలతోనే ఆ ఏళ్ళు గట్టెక్కాం.

ఆయనకు యాభై దాటాక పడవను మరమ్మతుకు తీసుకెళ్ళారు. ఉత్త మరమ్మతు కాదు. పాత పెద్ద క్షిపణులు తీసేసి, ఒక్కో చోట మూడేసి చిన్నవి పెట్టాలని నిర్ణయం. ఏళ్ళు పట్టింది. యూనిఫాం విప్పే వయసు వచ్చినా, అనుభవజ్ఞుడు కదా, కొత్తవాటి చదువు చదివి కుర్రాళ్ళకు నేర్పమని యెఫీమ్‌ను ఉంచుకున్నారు.

చదువు చెప్పేవాడు రుస్లాన్ తగీరొవ్. కజాన్ వైపు తాతారు జాతివాడు. లెఫ్టినెంటుగా మొదటిసారి పడవ ఎక్కినప్పుడు తల ఎక్కడ వంచాలో, అడుగు ఎక్కడ వేయాలో యెఫీమ్ దగ్గరే నేర్చుకున్నాడు. ఇప్పుడు పెద్ద హోదా. యెఫీమ్ మాత్రం కొత్త కళ్ళద్దాలు పెట్టుకుని మొదటి బల్లమీద, ఆయన వయసులో సగం కూడా లేని లెఫ్టినెంట్ల పక్కన కూర్చునేవాడు. ఆ బల్ల చాలక పక్క కుర్రాడు అంచున వేలాడేవాడట.

ఒకరోజు రుస్లాన్ తెరమీద పటం వేశాడు. సముద్రం కొంచెం, నేల చాలా. ఆ రోజు జరిగింది నాకు ఇద్దరూ చెప్పారు, వేర్వేరుగా. ఇద్దరి మాటా ఒకటే.

యెఫీమ్ చెయ్యెత్తి అడిగాడు: "ఓడ ఎక్కడుంది?"

"ఓడ ఉండొచ్చు, లేకపోవచ్చు లూకిచ్. ఇవి ఓడల్ని కొడతాయి, నేలమీద ఉన్నవాటినీ కొడతాయి. రేవు, గిడ్డంగి, వంతెన, విమానాల స్థావరం."

రుస్లాన్ ఓపికగా వివరించాడు. మునుపు పడవంతా ఒక్క శత్రువు కోసం. అది రాకపోతే పడవకు పనే లేదు. ఇప్పుడు ఒక్క పడవ ఎన్నో పనులకు పనికొస్తుంది. మన తీరం దగ్గరే ఉండి ఎంతో దూరాన ఉన్నదాన్ని కొట్టొచ్చు. అణుబాంబు దాకా వెళ్ళకుండానే అవతలివాణ్ణి భయపెట్టొచ్చు. పడవ ఎక్కడుందో తెలియదు గనుక వాడు తన తీరాలన్నీ కాచుకోవాలి. కొట్టడం కంటే ఆ కాచుకునేలా చేయడమే అసలు పని.

"అది సరే. వాడు బెదరకపోతే? అప్పుడు కొట్టాలి కదా?"

"గురి మనం పెట్టం లూకిచ్. చిరునామా పైనుంచి వస్తుంది."

"అంటే నేను ఉత్తరం రాసినవాణ్ణి కాదు, టపావాణ్ణి."

"అలాగే అనుకోండి."

కుర్రాళ్ళు నవ్వాలో వద్దో తెలియక కూర్చున్నారు. తర్వాత యెఫీమ్ మెల్లగా, "ఓడకు చెవులుంటాయి రుస్లాన్. మన రాక వింటుంది. పక్కకు తిరుగుతుంది, తిరగబడి కొడుతుంది. ఊరు ఎటు పోతుంది?" అన్నాడు.

రుస్లాన్ తెరమీద తర్వాతి బొమ్మ వేశాడు. పాఠం ముందుకు సాగింది. నాకు చెప్పినప్పుడు మాత్రం, ఆ ప్రశ్నకు పుస్తకంలో పేజీ లేదు టీచర్ గారూ, అన్నాడు.

యెఫీమ్ చదువు మానలేదు. పరీక్ష ప్యాసయ్యాడు, కుర్రాళ్ళకు రెండు చలికాలాలు నేర్పాడు. ఎవరికీ ఏమీ తక్కువ చేయలేదు. పడవ కొత్త రంగుతో రేవుకు తిరిగొచ్చాక, పెద్ద నిపుణుడిగా మొదటి ప్రయాణానికి రమ్మన్నారు. వెళ్ళనన్నాడు. పైవాళ్ళు ఆశ్చర్యపోయి, ఆరోగ్యమా అని అడిగారు. అవునని ఒక్క మాట అంటే సరిపోయేది. ఈయన ముక్కుసూటి మనిషి కదా, కొట్టేది ఓడనైతే వచ్చేవాణ్ణి, అన్నాడు. అక్కడ కూర్చున్న అధికారి కూడా పాతకాలం మనిషే. కిటికీలోంచి మా ఊరి అగ్నిపర్వతం వైపు చూసి, సరే లూకిచ్, ఇంకేం పని చేస్తారు అన్నాడట.

తప్పించుకునే బురుజులో ఒక శిక్షకుడి చోటు ఖాళీగా ఉంది. అది రేవు పక్కన నీళ్ళతో నింపిన ఎత్తైన కట్టడం. పడవ మునిగిపోతే అందులోంచి బయటపడడం ఎలాగో అక్కడ నేర్పుతారు. రబ్బరు దుస్తులు తొడుక్కుని, టార్పెడో వదిలే గొట్టంలో ముగ్గురు ఒకరి వెనక ఒకరు పాకి, నీళ్ళు నిండాక అవతలివైపు నుంచి బయటికి రావాలి. యెఫీమ్ అదిస్తే చాలన్నాడు. ఒక్కటే చిక్కు. ముందు తాను పాకి చూపించనివాడు అక్కడ శిక్షకుడు కాలేడు. ఆ గొట్టం వెడల్పు అర మీటరుకు కాస్త ఎక్కువ. యెఫీమ్ వెడల్పు దానికంటే ఎక్కువ.

మొదటిసారి భుజాలు వెళ్ళాయి, పొట్ట వెళ్ళలేదు. నీళ్ళు వదలకముందే గనుక సరిపోయింది. కాళ్ళు పట్టుకుని వెనక్కి లాగారు. బయటికొచ్చి, దుస్తులు విప్పి, గొట్టాన్ని ఒకసారి తట్టి, మళ్ళీ వస్తాను అన్నాడట.

ఇంట్లో కాపా రొట్టె బంద్ చేసింది. ముప్పై ఏళ్ళుగా రోజూ ఫ్యాక్టరీ నుంచి చంకలో వేడి రొట్టె తెచ్చే మనిషి, ఇప్పుడు దాన్ని తిన్నగా మా ఇంట్లో ఇచ్చి వెళ్ళేది. ఆయనకు ఉడికించిన క్యాబేజీ, చేప, కొండమీది అడవి ఉల్లాకు. మధ్యాహ్నం నా తలుపు చప్పుడయ్యేది. ఉప్పు కావాలని ఒకరోజు, అగ్గిపెట్టె కావాలని ఒకరోజు. నేను మాట్లాడకుండా రొట్టె చివరి ముక్క కోసి ఇచ్చేదాన్ని. మెట్ల మీద నిలబడే తినేవాడు. నాలుగోరోజు కాపా ఆయన మీసంలో రొట్టె పొడి కనిపెట్టేసింది. ఇద్దరినీ వరసగా నిలబెట్టి తిట్టింది.

"ఆయనకు బుద్ధి లేదు సరే, పిల్లలకు చదువు చెప్పే మనిషివి, నీకేమైంది? రేపు ఆ గొట్టంలో ఇరుక్కుంటే నువ్వు లాగుతావా?"

ఆమె కళ్ళు తడిసి ఉన్నాయి. ఆయన నీటి కింద ఎక్కడున్నాడో తెలియక, ఎవరినీ అడగడానికి వీల్లేక, ఎన్నో ఏళ్ళు పిండి పిసికిన మనిషి ఆమె. తీరా ఒడ్డు చేరాక మళ్ళీ గొట్టమేమిటని ఆమె బాధ. ఆ సాయంత్రం వాళ్ళింట్లోంచి చాలాసేపు మాటలు వినిపించాయి. మర్నాటి నుంచి ఆయన ఉప్పుకు రాలేదు. కాపాతో కలిసి కాళ్ళకు జారుడు కర్రలు కట్టుకుని మంచుమీద అఖాతం దాకా జారి వచ్చేవాడు. ముందు ఆమె, వెనక ఆయన, ఆయన వెనక వీధి కుక్కలు.

మంచు కరిగే వేళకు ఆయన ప్యాంటు తాడు కట్టుకుంటే గాని నిలవలేదు. ఈసారి భుజాలు వెళ్ళాయి, పొట్ట వెళ్ళింది, నీళ్ళు నిండాయి, అవతల తల తేలింది. ఆ రోజు కాపా పెద్ద రొట్టె తెచ్చి బల్లమీద పెట్టి, తిను, రేపటి నుంచి మళ్ళీ క్యాబేజీ అంది.

ఎండాకాలం చివర్లో, ఇప్పుడు పడవకు కమాండరైన రుస్లాన్ తన సిబ్బందితో బురుజుకు వచ్చాడు. ప్రయాణానికి ముందు అందరూ ఆ గొట్టం దాటాలి, కమాండర్లూ మినహాయింపు కాదు. గొట్టంలో ఉన్నవాడితో మాటలు కుదరవు, సుత్తితో కొట్టిన చప్పుళ్ళే మాటలు. బయటినుంచి ఒక దెబ్బ అంటే ఎలా ఉన్నావని. లోపలినుంచి ఒక దెబ్బ అంటే బాగున్నానని. రుస్లాన్ మూడోవాడిగా లోపలికి వెళ్ళాడు. మూత బిగించారు, నీళ్ళు వదిలారు. యెఫీమ్ ఒక దెబ్బ కొట్టాడు. జవాబు లేదు. కాస్త ఆగి మళ్ళీ కొట్టాడు. నీళ్ళు ఆపమని చెయ్యెత్తబోతుండగా లోపలినుంచి ఒక దెబ్బ వినిపించింది. రుస్లాన్ చేతిలోంచి సుత్తి జారిందట, వెతుక్కునేసరికి ఆలస్యమైంది.

బయటికి తేలాక యెఫీమ్ ఆయన్ని హోదా చూడకుండా తిట్టాడు. సుత్తి మణికట్టుకు కట్టుకోవాలని చెప్పానా లేదా, నా ప్రాణం పోయింది, అని. రుస్లాన్ తుడుచుకుంటూ విన్నాడు. తర్వాత ఇద్దరూ పక్కన గదిలో టీ తాగారు. అక్కడ రుస్లాన్, "మీరు మా మీద కోపంతో పడవ దిగారనుకున్నాను లూకిచ్" అన్నాడు.

"కోపమెందుకు? నీ పని నువ్వు చేస్తున్నావు. నువ్వు ఎక్కడికి పోతున్నావో నేను అడగను. తిరిగి రావడం మాత్రం నేర్పిస్తాను."

ఇంకో గ్లాసు టీ పోసి, మిగిలినవాళ్ళలో ఎవరు భయపడుతున్నారని అడిగాడు. వంటవాడు భయపడుతున్నాడని రుస్లాన్ చెప్పాడు. బాగా లావుపాటి కుర్రాడు. యెఫీమ్ ముఖం వెలిగిపోయింది. వాణ్ణి చివర్లో పంపు, నేను చూసుకుంటాను, అని లేచాడు.